రేపు క్లినిక్ మూతపడితే టీబీ మందు ఆగకుండా ఎట్ల? దక్షిణ సూడాన్‌కు పోతా ఉండాను, అనుభవం ఉన్నోళ్ళు చెప్పండి

ప్రశ్న: శ్రీకాళహస్తి ఎస్‌టీఎస్

అందరికీ నమస్కారం. టీబీ ప్రోగ్రాంలో పదకొండేండ్లుగా పనిచేస్తా ఉండాను, సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా. శ్రీకాళహస్తి, తొట్టంబేడు, ఏర్పేడు పక్క ఊర్లన్నీ బండి మీద తిరిగినవాణ్ణి. ఇప్పుడు ఒక అంతర్జాతీయ వైద్య సంస్థలో తొమ్మిది నెలల పనికి ఎంపికైనాను. దక్షిణ సూడాన్, అప్పర్ నైల్ పక్క. ఆడ చిన్న ఆసుపత్రిలో టీబీ వైద్యాన్ని గట్టిపరచాలంట.

నాకు తెలిసిన పద్ధతి మీ అందరికీ తెలిసిందే. కఫంలో తేలితే నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ ఆన్‌లైన్ టీబీ రిజిస్టర్‌లో, ఎక్కిస్తాం. బరువు చూసి బిళ్ళలు ఇస్తాం, రెండు నెలలు నాలుగు మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులు. మనిషి రాకపోతే ఆశాకు ఫోను. ఆమె వల్ల కాకపోతే నేనే ఇంటికి పోతాను. ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడిశా కూలీలు సీజను అయిపోయి సొంతూరికి పోయినా, నిక్షయ్‌లో ఆ జిల్లాకు బదిలీ చేసి ఆడి సూపర్‌వైజర్‌తో ఒక మాట మాట్లాడితే చాలు. పేషెంటు యాడికి పోయినా ఆ కొసన ఒక మనిషి ఉంటాడు. ఆ నమ్మకం మీదే నా పనంతా నడిచింది.

ఇంటర్వ్యూలో ఒకామె అడిగింది: "రాత్రి కాల్పులు మొదలైనాయి. తెల్లారేసరికి ఊరు ఖాళీ. నీ రిజిస్టర్‌లో నలభై మంది ఉన్నారు. ఏం చేస్తావు?" ఇంటింటికీ పోతానన్నాను. "ఇండ్లు కాలిపోయినాయి" అనింది. నా దగ్గర ఇంక మాట లేదు. అయినా తీసుకున్నారు. ఆ ప్రశ్న మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టనీడంలేదు. ఇట్లాంటి చోట్ల పనిచేసినోళ్ళు ఉంటే దయచేసి రాయండి. పుస్తకాల్లో ఉండే గైడ్‌లైన్లు చదివినాను. వాటిలో క్లినిక్ అనేది ఎప్పుడూ ఉన్నచోటే ఉంటుంది.

జవాబు: పలమనేరు నర్సు

తమ్ముడూ, ఆమె అడిగింది ఊరికే భయపెట్టడానికి కాదు. నాకు నిజంగా జరిగింది. 2015లో దక్షిణ సూడాన్‌లోనే జొంగ్లై పక్క ఉన్నాను, నా మొదటి పోస్టింగు. చిత్తూరు జిల్లా దాటి పనిచేసింది అంటే అంతకు ముందు రాయవేలూరు ఒక్కటే.

మా దగ్గర టీబీ పేషెంట్లను ఆసుపత్రి కాంపౌండ్‌లోనే గుడిసెలు వేసి మొదటి రెండు నెలలు పెట్టుకునేవాళ్ళం. రోజూ పొద్దున నా ఎదురుగా మింగాల. రెండు మూడు రోజులు నడిచి వచ్చినోళ్ళను రోజూ వచ్చిపొమ్మంటే కుదరదు గదా. ఒక రోజు మొబ్బులోనే లేచి చూస్తే గుడిసెల్లో ఎవరూ లేరు. పొయ్యి మీద జొన్న పిండి అట్లే ఉంది. మమ్మల్ని ఆ మధ్యాహ్నమే విమానం ఎక్కించి రాజధాని జూబాకు పంపించేసినారు. నలభై ఒక్క మంది. వాళ్ళ మందులన్నీ నా గదిలో, బీరువాలో, తాళం వేసి. తాళంచెవి నా జేబులో ఉంది. ఆ తాళంచెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది, పారేయలేకపోయినాను.

ఐదు వారాల తర్వాత తిరిగి పోయినాము. బీరువా లేదు, రిజిస్టర్లు లేవు. ఒక్కొక్కరుగా ఇరవై మూడు మంది వచ్చినారు. చిత్తడి నేలల్లో, నది మధ్య తిప్పల మీద దాక్కోని ఉండి, కలువ గడ్డలు తిని బతికి వచ్చినారు. ఎవరు ఏ నెల మందులో ఉండారో నాకు గుర్తున్నంతే. మిగతావాళ్ళ సంగతి నాకు ఈ రోజుకూ తెలీదు.

అందుకే నీకు మొదట చెప్పేది ఇది. మందు నీ బీరువాలో ఉంటే అది నీ మందు. పేషెంటు చేతిలో ఉంటేనే అది వైద్యం. మన ఊర్లో ఎదురుగా మింగించడం మంచిదే, నేను కాదనను. ఆడ మాత్రం మొదటి రోజు నుంచే "వీళ్ళు రేపు పారిపోతారు" అనుకోని పని చేయాల.

రెండోసారి 2018లో పోయినప్పుడు ప్రతి పేషెంటుకూ ఒక సంచి ఇచ్చినాము. మేం దాన్ని పారిపోయే సంచి అనేవాళ్ళం. నాలుగు మందులు కలిపిన బిళ్ళ స్ట్రిప్‌కు 28 ఉంటాయి గదా. రోజుకు నాలుగు వేసుకునే మనిషికి ఒక స్ట్రిప్ సరిగ్గా ఒక వారం. నాలుగు స్ట్రిప్‌లు ఒక నెల. అరచేతిలో పట్టేస్తాయి. చదువు రానోళ్ళకు కూడా "ఒక అట్ట, ఒక వారం" అంటే అర్థమవుతుంది. మూడు బిళ్ళల వాళ్ళకు ఈ లెక్క కుదరదు, వాళ్ళకు స్ట్రిప్ మీద పెన్నుతో గీతలు గీసి ఇచ్చినాము. నెల మందు, కొందరికి రెండు నెలలది, జిప్ కవర్లో పెట్టి, దాన్ని ఇంకో కవర్లో పెట్టి. ఎందుకంటే వాళ్ళు మెడలోతు నీళ్ళలో నడిచి పోతారు. హెచ్‌ఐవీ కూడా ఉన్నోళ్ళకు ఆ మందులు మూడు నెలలవి.

అమ్ముకుంటారు, పంచుకుంటారు అని పైవాళ్ళు భయపడినారు. నేనూ భయపడినాను. అమ్ముకున్నోళ్ళను నేను చూడలేదు. పంచుకున్నోడు ఒకడు ఉన్నాడు. పెండ్లానికీ దగ్గు ఉందని సగం ఆమెకు ఇచ్చినాడు. పరీక్ష చేస్తే ఆమెకూ టీబీనే. తప్పు మాదే, ఇంట్లో వాళ్ళను మొదటి రోజే పరీక్ష చేయాల్సింది. సంచిని మూడు నెలలకొకసారి తెప్పించుకోని తేదీలు చూసి మార్చేవాళ్ళం. లేకపోతే గడువు దాటిన మందు పట్టుకోని పరిగెత్తుతారు.

ఇంకొకటి, అన్నిటికన్నా నాకు ఆలస్యంగా అర్థమైంది. ఈడ మనం మందు వేయించే మనిషిగా పేషెంటు ఇంటి దగ్గర ఉన్నోళ్ళను పెడతాము, ఆశానో అంగన్‌వాడీ టీచరో. ఆడ కూడా మొదట అట్లే ఆసుపత్రి పక్క గుడిసెల్లో ఉండే వాలంటీర్లను పెట్టినాము. కాల్పులు మొదలైతే వాలంటీరు ఒక దిక్కు, పేషెంటు ఒక దిక్కు. మనుషులు పారిపోయేది పక్కింటోళ్ళతో కాదు, రక్తసంబంధం ఉన్నోళ్ళతో, తమ ఆవుల మందతో. కాబట్టి కార్డు రాసే రోజే రెండు ప్రశ్నలు అడుగు. "పోవాల్సి వస్తే ఎవరితో పోతావు? ఏ పక్కకు పోతావు?" ఆ పోయే గుంపులో ఒకరిని పట్టుకోని, వాళ్ళకు నేర్పించు. ఆ మనిషి పన్నెండేండ్ల చెల్లెలైనా పరవాలేదు. నా దగ్గర ఒక పిల్ల వాళ్ళ అన్నకు వరసగా ఏడు వారాలు మందు వేయించి, ఖాళీ అట్టలన్నీ నారతో కట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను ఏడ్చినాను. ఆ పిల్లకు ఎందుకో అర్థం కాలేదు.

ఆడ దిగే విమానాల సంగతి కూడా తెలుసుకో. మే నుంచి నవంబరు దాకా వానలు. నేలంతా మన కర్నూలు నల్లరేగడి మాదిరి. తడిస్తే బండి కదలదు, మట్టి రన్‌వే మీద విమానం దిగదు. మన దగ్గర జిల్లా స్టోరు నుంచి నెలనెలా తెచ్చుకునే అలవాటు ఆడ పనికిరాదు. ఏప్రిల్ లోపల వానాకాలానికంతా మందు లోపలికి చేరిపోవాల. పెట్టెలు లెక్కపెట్టొద్దు, పేషెంటు నెలలు లెక్కపెట్టు. ఇప్పుడున్నోళ్ళు ఎంతమంది, ఒక్కొక్కరికి ఎన్ని నెలలు మిగిలుంది, కొత్తగా ఎంతమంది రావచ్చు, సంచుల్లోకి ఎంత పోతుంది. పిల్లల మందు, నీళ్ళలో కరిగే బిళ్ళ, అందరూ మర్చిపోయేది అదే.

చిన్న విషయాలు రెండు. ఆడ చివరి నాలుగు నెలలు రెండే మందులు, రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్. మన దగ్గర మాదిరి ఎథాంబ్యుటాల్ కొనసాగించరు, అలవాటులో కార్డు రాసేయొద్దు. హెచ్‌ఐవీకి డోలుటెగ్రావిర్ వేసుకునేవాళ్ళకు రిఫాంపిసిన్ ఉన్నంతకాలం అది రోజుకు రెండుసార్లు ఇవ్వాల. ఒంటేలు ఎర్రగా వస్తుందని మొదటి రోజే చెప్పు, లేకపోతే రక్తం పోతోందని మందు ఆపేస్తారు. ఇది ఏర్పేడులోనైనా అంతే గదా.

జవాబు: చింతూరు ల్యాబ్

మాది తిరుపతి, ఎస్వీ యూనివర్సిటీ వెనక పక్క. చింతూరు ఏజెన్సీలో నాలుగేండ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసినాను. విదేశం కాదు, కానీ ఛత్తీస్‌గఢ్‌లో 2005లో మావోయిస్టుల మీద సల్వాజుడుం మొదలైనాక అడవి దాటి ఇవతలికి వచ్చిన గుత్తి కోయ ఆదివాసుల గూడేలు మా పరిధిలోనే ఉండేవి. అక్క చెప్పిన మాటలు చదువుతా ఉంటే అవే మొహాలు గుర్తుకొచ్చినాయి. వాళ్ళకు ఆధార్ లేదు, రేషన్ కార్డు లేదు. పేరు అడిగితే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చెప్తారు. అబద్ధం కాదు, భయం. రాసుకునే మనిషి ఎవరో, ఆ కాగితం యాడికి పోతుందో వాళ్ళకు తెలీదు.

నేను నేర్చుకున్నది ఒక్కటి చెప్తాను. గూడేనికి పోతే మనుషులు అడవిలోకి పోయేవాళ్ళు. సంతకు మాత్రం వాళ్ళే వచ్చేవాళ్ళు. ఉప్పు కావాల, ఎండు చేపలు కావాల. ఎవరి పక్కనున్నా సంత మానుకోరు. అందుకే మలేరియా రక్తం తీయడం, టీబీ మందు ఇవ్వడం సంతలో పెట్టుకున్నాము, చింతచెట్టు కింద ఒక బల్ల. వారం వారం అదే చెట్టు. అన్నా, మీరు పోయే చోట కూడా సంత యాడ జరుగుతుందో, రెండు వర్గాలూ వచ్చే సంత ఉందేమో మొదటి వారమే కనుక్కోండి.

ల్యాబ్ విషయం. కఫం పరీక్ష చేసే జీన్‌ఎక్స్‌పర్ట్ మిషను రెండు గంటల్లోపల రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా చెప్పేస్తుంది, దాని విలువ నాకు తెలుసు. కానీ దానికి నిలకడగా కరెంటు కావాల, గది చల్లగా ఉండాల, కాట్రిడ్జ్‌లు 28 డిగ్రీలు దాటకుండా పెట్టుకోవాల. దుమ్ము పడితే మొరాయిస్తుంది. మన గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది, అది ఉందేమో అడగండి. ఏదున్నా సరే, మైక్రోస్కోపును మాత్రం మూలన పడేయనీకండి. అద్దం ఎండకు తిప్పితే చాలు, అది పనిచేస్తుంది. ఆడి కుర్రోళ్ళలో ఇద్దరికి స్లైడు రంగు వేయడం, చదవడం బాగా నేర్పించండి. మీరు విమానం ఎక్కినా వాళ్ళు ఆ ఊరి మనుషులే.

జవాబు: రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్, చిత్తూరు

నాయనా, నాకు ఎనభై దగ్గర పడుతోంది. నా మనవరాలు టైపు చేస్తా ఉంది. మీరు దక్షిణ సూడాన్ అనేసరికి నాకు నారికురుపు గుర్తుకొచ్చింది.

1980ల్లో కర్నూలు జిల్లాలో పనిచేసినాను. దిగుడుబావుల ఊర్లు. మనుషులు మెట్లు దిగి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బిందె ముంచేవాళ్ళు. కాల్లో నుంచి మూరెడు పొడవు పురుగు బయటికి వచ్చేది. పుల్లకు చుట్టి రోజుకు కొంచెం లాగాల, తెగితే కాలు వాచిపోతుంది. దానికి మందు లేదు, టీకా లేదు. గుడ్డతో నీళ్ళు వడకట్టించడం, బావిలో నీటి పురుగుల్ని చంపే అబేట్ వేయడం, పురుగు బయటపడిన మనిషిని నీళ్ళలో దిగనీయకుండా చూడడం. అంతే. ఊరూరా అది చేసే దేశంలో లేకుండా చేసినాము. చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశానికి సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ రోజు నేను పీలేరులో ఉన్నాను, ఒక్కణ్ణే కూర్చోని మిఠాయి తిన్నాను.

ఇప్పుడు విషయానికి వస్తాను. సూడాన్‌లో, అప్పటికి రెండు సూడాన్‌లూ ఒకే దేశం, అదే పురుగు కోసం 1995లో యుద్ధం ఆపినారు. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ రెండు పక్షాలతో మాట్లాడి ఒప్పించినాడు. దాదాపు ఆరు నెలలు తుపాకులు ఆగినాయి. ఆ సందులో నారికురుపు పనివాళ్ళు, పిల్లలకు టీకాలు వేసేవాళ్ళు, కండ్లు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్‌కు మందు ఇచ్చేవాళ్ళు అంతకుముందు పోలేని ఊర్లకు పోయినారు. 2006లో దక్షిణ సూడాన్‌లో 20 వేలకు పైన కేసులు. 2013 డిసెంబరులో మళ్ళీ యుద్ధం మొదలైనా పని ఆగలేదు. 2017లో ఒక్క కేసూ లేదు. ఆ తర్వాత మళ్ళీ కొన్ని కనిపించినాయి, అది వేరే సంగతి.

యుద్ధం మధ్యలో అది ఎట్ల సాధ్యమైందని నేను చాలాసార్లు ఆలోచించినాను. చేసింది బయటినుంచి పోయిన డాక్టర్లు కాదు. ప్రతి ఊర్లో ఆ ఊరి మనిషే ఒకరు, వడపోత గుడ్డ చేతిలో పెట్టుకోని. ఊరు లేచి పోతే ఆ మనిషీ వాళ్ళతోనే పోతాడు. ఇందాక పలమనేరు అమ్మాయి రాసింది కూడా అదే గదా. ఇప్పుడు ఆ ప్రభుత్వం బోమా ఆరోగ్య కార్యకర్తలని పెట్టింది, బోమా అంటే వాళ్ళ లెక్కలో అన్నిటికంటే చిన్న ఊరి యూనిట్టు. నువ్వు పోయినాక మొదట వాళ్ళను వెతుక్కో. వాళ్ళతో ఎట్ల మాట్లాడతావో దాని మీదే నీ తొమ్మిది నెలలు ఆధారపడి ఉంటాయి. జీతం ఆలస్యమైతే వాళ్ళ తరఫున నువ్వు గట్టిగా అడుగు. మా కాలంలో మా కోసం అట్ల అడిగినోళ్ళు లేరు.

ప్రశ్న వేసినవారు: శ్రీకాళహస్తి ఎస్‌టీఎస్

అక్కా, చింతూరు తమ్ముడూ, సార్, ఏమని చెప్పాల. ప్రింటు తీసుకోని పెట్టుకున్నాను.

అక్కా, రెండు సందేహాలు. ఒకటి, కార్డులో ఏం రాయాల, ఏం రాయకూడదు? రెండు, ఒక నెల గానీ అంతకన్నా ఎక్కువ గానీ వరసగా మందు ఆగితే మనం "లాస్ట్ టు ఫాలో అప్", అంటే మధ్యలో తప్పిపోయినవారు, అని రాస్తాము. ఈడ ఒక్కరు అట్ల పోయినా మీటింగులో నిలబెట్టి అడుగుతారు. నూటికి తొంభై మందికి నయం కావాలని లక్ష్యం. ఆడ లెక్క ఎట్ల చూపిస్తారు?

జవాబు: పలమనేరు నర్సు

కార్డు ముందు చెప్తాను, ఎందుకంటే మొదటిసారి అందులో నేను తప్పు చేసినాను. ఊరి పేరు, వంశం పేరు అన్నీ రాసినాను, మన ఇంటిపేరు మాదిరి. అక్కడ ఆ ఒక్క పేరు చాలు, దారిలో చెక్‌పోస్టు దగ్గర మనిషి ఏ వర్గమో తెలిసిపోవడానికి. నాకు ఒక ముసలాయన కార్డు వెనక్కి ఇచ్చేసి పోయినప్పుడు గాని బుర్రకు ఎక్కలేదు. ఆ తర్వాత సొంత పేరు, ఒక నంబరు, మందుల పేర్లు, మొదలుపెట్టిన తేదీ, ఏ నెల, కఫం ఫలితం. అంతే. బ్రాండు పేరు కాదు, మందు అసలు పేరు, ఏ దేశంలో ఏ క్లినిక్‌లో చూపించినా చదవగలిగేట్టు. ఇథియోపియా సరిహద్దు దాటి క్యాంపుకు పోయిన ఒకామె ఆ కార్డుతోనే ఆడ మందు కొనసాగించి, వేరే వాళ్ళతో నాకు కబురు పంపింది.

రెండో ప్రశ్న. తిరిగి వచ్చిన మనిషిని ఎన్నడూ తిట్టొద్దు. "ఎందుకు ఆపినావు" అనే మాటే నోట్లో నుంచి రాకూడదు. వాళ్ళు ఆపలేదు, వాళ్ళ చేతిలో నుంచి లాక్కున్నారు. ఎన్ని రోజులు ఆగిందో అడుగు, కఫం మళ్ళీ పరీక్ష చేయించు, రిఫాంపిసిన్ పనిచేస్తుందో చూడు, ఆ తర్వాత ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో డాక్టరుతో తేల్చుకో. రిపోర్టులో లెక్క దాచొద్దు, పెంచొద్దు. మేం "దాడి వల్ల వెళ్ళిపోయినవారు" అని వేరే వరుస పెట్టినాము, దాని పక్కనే "సంచితో వెళ్ళినవారు", "తిరిగి వచ్చినవారు" అని. పైవాళ్ళు మొదట ఒప్పుకోలేదు. మూడు నెలలు అదే వరుస పంపిస్తా ఉన్నాను. నాలుగో నెలలో వాళ్ళే వేరే ప్రాజెక్టులకు కూడా ఆ వరుస పెట్టినారు.

ఇంకొకటి మర్చిపోయినాను. గేటు దగ్గర తుపాకీ గీత కొట్టేసిన బొమ్మ ఉంటుంది. ఏ వర్గం సైనికుడు వచ్చినా, దగ్గుతా ఉన్నా, రక్తం కారతా ఉన్నా, తుపాకీ బయట పెట్టి లోపలికి రావాల. కాపలా మనిషి మెత్తబడితే నువ్వు పోయి మర్యాదగా చెప్పు. ఒక్కసారి ఒక్కడిని వదిలితే ఆ సాయంత్రానికి అవతలి వర్గం పేషెంట్లు రావడం మానేస్తారు.

మంచి మందం జిప్ కవర్లు ఆడ దొరకవు. గాంధీ రోడ్డులో హోల్‌సేల్‌గా కొనుక్కోని పో.

ప్రశ్న వేసినవారు: శ్రీకాళహస్తి ఎస్‌టీఎస్

మూడు వందల కవర్లు కొన్నాను అక్కా. కార్డు నమూనా గీసి ఫోటో పెడతా ఉండాను, తప్పులుంటే చెప్పండి.

జవాబు: పలమనేరు నర్సు

బాగుంది. బరువుకు ఒక్క గడే పెట్టినావు. ఆడికి వచ్చేటప్పుడు ఎముకల గూడు మాదిరి వస్తారు. మందు, వేరుశనగ ముద్ద ప్యాకెట్లు పడినాక రెండు నెలల్లో బరువు మారుతుంది, దాంతో బిళ్ళల సంఖ్య మారుతుంది. ఆరు గడులు పెట్టు, నెలకొకటి. సంచిలో మందు కూడా ఆ కొత్త బరువుకే మార్చాలని వెనక రాసుకో.